సూర్యుడి కింద గీత

మా నాయన నాకు నాణేల తరం చూడటం కొట్టి నేర్పాడు. తప్పు చెప్పినప్పుడల్లా ఇత్తడి కొలబద్ద అంచు నా ఎడమ చేతి కణుపుల మీద దిగేది. కుడి చేతిని మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. నాణెం పట్టుకునేది ఆ చేత్తోనే.

"మొగం సూడొద్దంటిని కదే! మొగం సూసేవాడు మోసపోతాడు. మోకాలు సూడు, రొమ్ము సూడు, సాచిన సెయ్యి సూడు. ఎత్తుగా ఉండేదే ముందు అరుగుతాది."

అప్పుడు తొంభైల మొదటి సంవత్సరాలు. మాది తమిళనాడులోని కోవిల్‌పట్టి. నాయన పత్తి వ్యాపారుల దగ్గర తరం చూసేవాడు. ఇనుప కొక్కెంతో బేలులోంచి గుప్పెడు పత్తి లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య పోగు సాగదీసి ఇది ఫలానా తరం అని చెబితే, ఎదురు మాట్లాడేవాడు లేడు. కట్టె పిడి ఉన్న ఆ కొక్కెం ఇంట్లో తలుపు వెనక మేకుకు వేలాడేది. అమ్మకూ నాకూ దాని పిడి ఎంత బరువో తెలుసు.

వెండి నాణేలు ఆయన రెండో వ్యాపారం. తూత్తుకుడి రేవులో ఓడల మీద పనిచేసేవాళ్ళు తెచ్చిన అమెరికా అర డాలర్లు ఏరి కొని, సేకరించేవాళ్ళకు అమ్మేవాడు. నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలు మా తాత, అంటే అమ్మ తండ్రి, సుద్దముక్కతో గడప మీద రాసి నేర్పాడు. తమిళం వీధిలో వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు నాణేల అంచుల వెంట తిరిగి నేర్చుకున్నాను.

తరాలకు నాయన పెట్టుకున్న పేర్లు వేరు. అచ్చులోంచి పడ్డది పడ్డట్టు ఉంటే 'పుట్టిన తరం'. ఎత్తులు కాస్త మసకబారితే 'చెయ్యి పడ్డది'. గీతలు కలిసిపోతే 'సంత తిరిగింది'. బొమ్మ నీడలా మిగిలితే 'చచ్చింది'. పుట్టిన తరానికీ చెయ్యి పడ్డదానికీ మధ్య తేడా వెంట్రుకవాసి. ధరలో తేడా మాత్రం ఒక పెళ్ళి భోజనం.

నాణెం అంచు పట్టుకుని ఎండలో మెల్లగా తిప్పాలి. పుట్టిన తరమైతే వెలుగు చక్రంలా తిరుగుతుంది, ఎక్కడా తెగదు. చెయ్యి పడ్డదైతే మోకాలి దగ్గరో రొమ్ము దగ్గరో వెలుగు తడబడి, అక్కడ బూడిదరంగు మచ్చ కనబడుతుంది. అచ్చు సరిగ్గా దిగక పుట్టుకతోనే చదునుగా ఉన్నవి కూడా ఉంటాయి. వాటి మీద వెలుగు తెగదు. "పుట్టు మొండి వేరు, అరిగి మొండి వేరు" అని నాయన ఈ ఒక్క పాఠం మూడు నెలలు చెప్పాడు. ఆ మూడు నెలలూ నా ఎడమ చెయ్యి వాచే ఉంది.

అయినా ఈ కళ్ళు ఆయన ఇచ్చినవే. దీపం పెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకోకుండా ఉండను. తలుచుకున్నప్పుడు ఎడమ చెయ్యి దానంతట అదే ముడుచుకుంటుంది, అంతే.

నన్నెందుకు ఇంత గట్టిగా నేర్పుతున్నాడో చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆయన కళ్ళు మసకబారుతున్నాయి. ఆ మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. ఒకసారి అమ్మ "కొంజం డాక్టరుకు సూపించుకుంటే ఏం?" అన్నందుకు కంచం గోడకు తగిలి సొట్టపోయింది, అమ్మ పెదవి పగిలింది.

ఒక అర డాలరు మా ఇంటికొచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు. దాని మీద ఒక స్త్రీ పొడవాటి వస్త్రం కట్టుకుని, చెయ్యి ముందుకు సాచి, ఉదయించే సూర్యుడి వైపు నడుస్తూ ఉంటుంది. పక్కన చిన్న అక్షరాలు. 'మేము దేవుణ్ణి నమ్ముతాము' అని వాటి అర్థమట, ఓడ మనిషి నాయనకు చెప్పాడు. డబ్బు మీద ఆ మాట రాసుకున్న మనుషులు ఎక్కడో ఉన్నారంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఎండలో తిప్పితే వెలుగు ఆ తల్లి చుట్టూ ప్రదక్షిణం చేసింది. ఒకే ఒక లోపం ఉంది. సూర్యుడి కింద సన్నటి గీత, చీమ కాలంత. వేరే నాణెం తగిలి పడ్డ గీత. దానివల్ల తరం మారదన్నాడు నాయన.

విరుదునగర్‌లో పప్పుల వ్యాపారి ఒకాయన వెండి నాణేలు సేకరించేవాడు. అందరూ ఆయన్ని మొదలాళి, అంటే షావుకారు, అనేవారు. పని మీద కోవిల్‌పట్టి వచ్చి ఆ నాణెం చూసి "పుట్టిన తరం" అన్నాడు. నాయన అప్పుడు అమ్మలేదు. "దీన్ని కొంతకాలం ఉంచుకుంటా" అని రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను దేవుడి అలమరలో దాచాడు. అక్కడైతే ఎవరూ ముట్టుకోరని ఆయన ధీమా.

దేవుడి అలమరను శుక్రవారం శుక్రవారం తుడిచేది నేను.

చెప్పడానికి ఇప్పటికీ నోరు తడబడుతుంది. మొదటి శుక్రవారం డబ్బా మూత తీసి చూశాను, అంతే. రెండో శుక్రవారం ఆ తల్లి తలకు కుంకుమ పెట్టాను. తర్వాత సాచిన చేతికీ, పాదానికీ. మరుసటి శుక్రవారం పాత బొట్టు తడిగుడ్డతో తుడిచి కొత్తది పెట్టేదాన్ని. అమ్మకానికి వచ్చిన నాణెమైతే దాని ముఖానికి వేలు తగలనిచ్చేదాన్ని కాదు. కానీ ఇది నా మనసులో నాణెం కాకుండా పోయింది. మెత్తటి గుడ్డే కదా అనుకున్నాను. మనం అమ్మవారికి బొట్టు పెట్టి తుడిస్తే అమ్మవారు అరిగిపోతుందా?

నన్ను చూసినవాడు ఒక్కడే, మా మామ. మామ అంటే అమ్మకు తమ్ముడు. మా ఇంట్లోనే ఉండి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలకు మందు అద్దే పనికి పోయేవాడు. నాయన నాణేలు విరుదునగర్‌కు బస్సులో తీసుకుపోయి ఇచ్చి వచ్చేది కూడా అతనే. మాలో మేనమామను చేసుకోవడం ఉంది కనుక మా ఇద్దరి సంగతి నేను పుట్టినప్పుడే అనుకున్నది.

"ఏం పాపా, అమెరికా అమ్మోరికి మన కుంకం పడతాదా? దురద పుట్టి గోక్కుంటే నాయనకు సాచిన సెయ్యి మడిసిన నాణెం మిగులుతాది" అని నవ్వాడు.

"పో మామా. నాయనతో సెప్పొద్దు."

"నేనేల సెప్తా? నాకు ఈపు మీద ప్రేమ ఉండాది."

ఇలా రెండేళ్ళు గడిచాయి. మొదలాళి మళ్ళీ కబురు పెట్టాడు. నాయన డబ్బా దించి, నాణెం కిటికీ దగ్గర పట్టుకుని తిప్పాడు. కబురు తెలిసి నేను ముందురోజే బొట్టంతా తుడిచేశాను. ఆయన చాలాసేపు చూసి "పుట్టిన తరం" అని కాగితంలో మడిచి మామకు ఇచ్చాడు. నన్ను చూడమనలేదు. చూడమని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు అనుకోవడం వృథా.

మామ పొద్దున బస్సెక్కి, మిట్టమధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళు అచ్చుపడ్డాయి. ఒక చేతిలో కాగితపు మడత, ఇంకో చేతిలో నూనె మరకలున్న పొట్లం.

"కొనలేదు బావా," అన్నాడు గుమ్మంలోనే. "ఇది చెయ్యి పడ్డది, నేను సూసిన నాణెం కాదు, మార్చినారు అన్నాడు. నేను లేదంటే ఆయన మనిషి కొట్టినాడు."

నాయన ముందు నవ్వాడు. "నా తరాన్ని వాడు కాదన్నాడా?" తర్వాత నవ్వు పోయింది. చూపు పొట్లం మీదికి పోయింది. "అదేంది?"

"సేవు. సాత్తూరు సేవు. పాప తింటాదని."

"సాత్తూరులో దిగితివా?"

"బస్సు ఆగింది బావా, టీ తాగే అంత సేపు..."

"నేను పంపింది పుట్టిన తరం. అక్కడికి పోయింది చెయ్యి పడ్డది. నడుమ సాత్తూరులో దిగినావు." నాయన లేచాడు. "ఎవడికి ఇచ్చి మార్చినావురా, దొంగ, తిరుట్టు నాయాలా?"

చెంపదెబ్బకు పొట్లం ఎగిరి సేవు, ఆ కారప్పూస, నేలంతా చెదిరింది. కాగితంలోంచి నాణెం దొర్లి నా కాళ్ళ దగ్గర పడింది. అమ్మ అడ్డం వచ్చింది. నాయన ఆమె జుట్టు పట్టి పక్కకు విసిరితే రుబ్బురోలుకు మోచెయ్యి తగిలి కూలబడింది. ఆయన తలుపు వెనక నుంచి కొక్కెం తీశాడు. మొన తన వైపు తిప్పుకుని కట్టె పిడితో కొట్టడం మొదలుపెట్టాడు. భుజం మీద ఒకటి. ఆ శబ్దం తడిబట్టను రాతి మీద ఉతికినట్టు ఉంది.

నేను నాణెం తీసుకున్నాను. అంచే పట్టుకున్నాను. గుమ్మంలో పడుతున్న ఎండలోకి తిప్పాను. సూర్యుడి కింద చీమ కాలంత గీత. అదే నాణెం. మార్చలేదు. మళ్ళీ తిప్పాను. తల దగ్గర వెలుగు తెగింది. రొమ్ము మీద, సాచిన చేతి మీద, మోకాలి మీద బూడిదరంగు. మోకాలి పక్కన వస్త్రం మడతలో దారప్పోగంత ఎరుపు.

నా కుంకుమ.

ఆ క్షణంలోనే అరిచి ఉండాల్సింది. అరవలేదు. రెండో దెబ్బ పడింది. మామ గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నాడు. నా ముఖం చూసి అతనికీ తెలిసింది. తల అడ్డంగా ఊపాడు, చాలా కొద్దిగా. చెప్పొద్దని. మూడో దెబ్బ పక్కటెముకల మీద పడితే మోకాళ్ళ మీద కూలాడు. నాలుగు. అయిదోది చెవి మీద పడి రక్తం మెడ వెంట కారి చొక్కాలోకి పోయింది. అయిదు దెబ్బలు నా నోరు తెరవలేదు. ఈ లెక్క నాకూ దేవుడికీ మధ్య ఉంది.

నాయన కొట్టడం ఆపాడు. ఆగింది దయతో కాదు. అలమరలోంచి కర్పూరం బిళ్ళ తెచ్చాడు. వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి ప్రమాణం చెయ్యడం మా వైపు ఉంది. అలా చెప్పింది అబద్ధమైతే దేవుడే చూసుకుంటాడని నమ్మకం. నాయన ఆ ఆచారాన్ని తిరగేశాడు. మామ కుడి అరచెయ్యి లాగి, దాని మీద బిళ్ళ పెట్టి, అగ్గిపుల్ల గీశాడు.

"సెప్పు. సామి ముందర సెప్పు."

"నేను మార్చలేదు బావా."

"ఆర్పొద్దు. నిజం సెప్పిందాక ఆర్పొద్దు." నాయన అతని మణికట్టు రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. మంట వేలంత ఎత్తున లేచింది. మామ గొంతులోంచి నేనెన్నడూ వినని శబ్దం వచ్చింది. కర్పూరం వాసనలోకి ఇంకో వాసన కలిసింది.

"నేనే నాయనా! నేనే!" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పోయి ఆ మంట మీద నా చెయ్యి వేసి కొట్టాను. బిళ్ళ ఎగిరి సేవులో పడి ఆరిపోయింది. "శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టి తుడిస్తిని. రెండేండ్లు. అరగదీసింది నేను. అదే నాణెం. గీత ఉండాది సూడు. కుంకం ఉండాది సూడు."

నాయన మామ మణికట్టు వదిలేశాడు. తర్వాత నాయన నా జడ పట్టి తలుపు చట్రానికేసి కొట్టాడు. ఒకసారి. కింది వరసలో పన్ను నేల మీద పడటం చూశాను. నొప్పి తర్వాత వచ్చింది. రెండోసారి కొట్టబోతుంటే మామ ఆయన నడుం పట్టుకుని, కాలిన చేత్తోనే, వెనక్కి లాగాడు.

నాయన విడిపించుకుని నాణెం, భూతద్దం తీసుకుని వాకిట్లోకి పోయాడు. ఎండలో నాణెం తిప్పాడు. కంటికి దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా. ముగ్గురం గుమ్మంలోంచి చూస్తున్నాం. అమ్మ మోచెయ్యి పట్టుకుని ఉంది. మామ చెయ్యి నీళ్ళ చెంబులో ఉంది. నా నోటి నిండా రక్తం.

"యాడే ఎరుపు?" అన్నాడు. ఆ గొంతు కొట్టిన మనిషిది కాదు.

"మోకాలి పక్కన, మడతలో నాయనా."

ఇంకా తిప్పాడు. "గీత యాడ?"

"సూర్యుడి కింద."

ఆయనకు కనబడలేదు. ఏదీ కనబడలేదు. మామకు ఇచ్చేముందు కిటికీ దగ్గర కూడా ఏమీ కనబడకుండానే పుట్టిన తరం అన్నాడని అప్పుడు అందరికీ తెలిసింది. అందరికన్నా ముందు ఆయనకు. కొక్కెం తెచ్చి, నాణేన్ని మెట్టు రాయి మీద పెట్టి, మొనతో బలంగా లాగాడు. ఆ చప్పుడుకు పళ్ళు జివ్వుమన్నాయి. సూర్యుడి నుంచి మోకాలి దాకా లోతుగా గాటు పడింది. ఆ గాటు వేలికే తెలుస్తుంది, కన్ను అక్కర్లేదు. ఆయన వేలితో తడిమి చూసుకుని, దాన్ని మళ్ళీ రేకు డబ్బాలో పెట్టాడు.

తర్వాత ఆయన చేసింది ఈ దెబ్బలన్నిటికన్నా పెద్దది. మొదలాళికి నిజం చెప్పనివ్వలేదు.

"సెప్తే ఏమంటారు? వీడికి కండ్లు లేవు, ఆడపిల్ల బొట్టు పెట్టి అరగదీసినా తెలీలేదు అంటారు. రేపటి నుంచి పత్తి ఎవడు సూపిస్తాడు నాకు?" అన్నాడు. మామ వైపు తిరిగి, "నువ్వు మార్చినావనే ఉండనీ," అన్నాడు.

"సరి బావా," అన్నాడు మామ.

అలా మామ విరుదునగర్‌లో దొంగ అయ్యాడు. ఆ మాట సాత్తూరు దాటి కోవిల్‌పట్టి దాకా వచ్చింది. ఫ్యాక్టరీలో మందు సామాను గది తాళం అతని దగ్గర ఉండేది, తీసేసుకున్నారు. మా పెళ్ళయింది. పెళ్ళి పందిట్లోనే నాయన వైపు చుట్టం ఒకడు తాగి వచ్చి "తాళిబొట్టు సరిసూసుకోండమ్మా, మాపిళ్ళ మార్చేస్తాడు!" అని పెళ్ళికొడుకును చూపించి అరిచాడు. మామ లేచి వాణ్ణి పందిరి గుంజకేసి కొట్టాడు. వాడి ముక్కు విరిగింది. అంతకు ముందూ తర్వాతా మామ ఎవరి మీదా చెయ్యెత్తడం నేను చూడలేదు. కుడి అరచెయ్యి మానింది కానీ మధ్యలో నున్నగా గవ్వలా అయిపోయింది. ఆ చోట వేడీ చల్లనా తెలియదు.

నిజం చెబుదామని నేను ఎన్నోసార్లు అన్నాను. "మాట ఇస్తిని పాపా" అనేవాడు. ఒక పని మాత్రం మానేశాడు. బస్సు సాత్తూరులో ఎంతసేపు ఆగినా దిగేవాడు కాదు. మా పిల్ల దాహమని ఏడ్చినా నన్నే దిగమనేవాడు.

నాయన చూపు పూర్తిగా పోయాక నేనే ఆయన పక్కన కూర్చుని నాణేలకు తరం చెప్పేదాన్ని. ఆయన వచ్చినవాళ్ళకు అదే మాట తన మాటగా చెప్పేవాడు. అప్పుడు కూడా నేను ఆలస్యం చేస్తే కొలబద్ద కోసం చెయ్యి తడిమేది. దాన్ని నేను కొంచెం దూరంగా పెట్టేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు ఆయన నిద్రలోనే పోయాడు. శాంతంగా పోనిచ్చినందుకు దేవుడికి దండం పెట్టాను. నిజంగానే పెట్టాను.

కర్మలన్నీ అయ్యాక రేకు డబ్బా తీశాను. నాణెం అందులోనే ఉంది. మామకు చూపించాను.

"ఇచ్చిన మాట ఆయనతో పోయింది మామా," అన్నాను. "రేపు విరుదునగర్ పోతాం."

మొదలాళి ముసలివాడయ్యాడు. అయినా మామను చూడగానే గుర్తుపట్టాడు. "వీణ్ణి గడప తొక్కనివ్వొద్దు" అని తమిళంలో తన మనిషితో అన్నాడు. ఆ మనిషి మామ చొక్కా పట్టుకుని బయటికి నెట్టాడు. మామ పప్పు బస్తా మీద పడ్డాడు. లేచి నెమ్మదిగా చొక్కా సరిచేసుకున్నాడు. నేను గడప దాటి నాణేన్ని మొదలాళి బల్ల మీద, ఎండ పడే చోట పెట్టాను.

"అయ్యా, మీకు నాణేల తరం తెలుసు. నాకూ కొంచెం తెలుసు. గాటు వదిలేయండి, సూర్యుడి కింద చూడండి. మా ఇంట్లో మీరు మొదట చూసిన గీత ఇదేనా, కాదా?"

ఆయన చూడనన్నట్టు తల తిప్పుకున్నాడు. కానీ నాణెం ఎదురుగా ఉంటే తరం చూసేవాడి చూపు ఎంతసేపు ఆగుతుంది? భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. నేను అంతా చెప్పాను. బొట్టు, తడిగుడ్డ, నాయన కళ్ళు, కర్పూరం. మామను లోపలికి పిలిచి అరచెయ్యి తెరిపించాను. మొదలాళి ముందు మడతలో ఎరుపు చూశాడు, తర్వాత ఆ అరచెయ్యి చూశాడు.

"గీత అదే," అన్నాడు చివరికి. "ఆ రోజే దీన్ని వెతికి ఉండాల్సింది. నేను మోకాలు చూసి ఊరుకున్నాను."

క్షమించమనలేదు. ఆయన వయసువాళ్ళు అనరు. లోపలికి పోయి మఖమలు పరిచిన పళ్ళెం తెచ్చాడు. నిండా అర డాలర్లు. దాన్ని నాకు ఇవ్వలేదు. మామ చేతుల్లో పెట్టాడు. తన మనిషి వినేలా గట్టిగా అన్నాడు: "లోపల కిటికీ దగ్గర బల్ల ఉంది. తీసుకుపోయి అక్కడ పెట్టు. నేను ఈ అమ్మాయితో మాట్లాడి వస్తాను."

మామ ఒక్కడే ఆ పళ్ళెం పట్టుకుని లోపలి గదిలోకి పోయాడు. కాలిన చేతికి పట్టు తెలియదు కనుక గుండెకు ఆనించుకుని, పసిబిడ్డను మోసినట్టు నడిచాడు. నాణేలు ఒకదానికొకటి తగలకుండా.

తిరుగు బస్సెక్కాం. నాణెం నా కొంగు ముడిలో ఉంది. ఇక దానికి ఏ తరమూ లేదు, కాబట్టి శుక్రవారం బొట్టు పెట్టుకోవచ్చు. సాత్తూరులో బస్సు ఆగింది. కండక్టరు పది నిమిషాలన్నాడు. మామ కాసేపు ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత లేచాడు.

"సేవు తింటావా పాపా?" అని అడిగి, నా జవాబు వినకుండానే దిగిపోయాడు.